పొలిమేర దాకా

పానగల్ పక్కపల్లెలో ఊరికి ఊడిగం చేసే సుంకరి గాలయ్య బతుకంతా వెట్టిలోనే అరిగిపోయింది. ఊరికొచ్చిన అధికారి మూటలు నెత్తికెత్తుకుని పొలిమేర దాకా నడవాలి. అక్కడ మనిషినీ మూటనూ అవతలి ఊరి సుంకరికి అప్పజెప్పాలి. వాడు రావడం ఆలస్యమైతే గాలయ్య పొద్దుగూకేదాకా అక్కడే కూర్చునేవాడు. పటేలు కంటికి అదొక పనిగా కూడా ఆనలేదు.

గాలయ్య కొడుకు కురుమయ్య ఫౌజులో చేరి, భుజాన రెండు పట్టీలతో నాయక్ అయ్యాడు. 1961లో కాంగో వెళ్లాడు. అక్కడి కొట్లాటల మధ్య చిక్కిన జనాన్ని కాపాడమని నానా దేశాలూ కలిసి పంపిన నీలిటోపీల దండు అది. పేరుకు ఒకటే దండు, హద్దులు మాత్రం ఏ దేశం వాళ్లవి వాళ్లకే. కురుమయ్య కెప్టెన్‌కు జనం మొహాలు గుర్తుండేవి కావు గానీ, పటం మీది ఆ గీతలన్నీ కంఠతా వచ్చు.

ఒక మధ్యాహ్నం నలభైమంది ఆడవాళ్లనూ పిల్లలనూ నది వంతెన దాకా నడిపించారు. వెనక కత్తుల మూక తరుముకొస్తోంది. అవతలి ఒడ్డున వేరే దేశం వాళ్లు లారీలతో ఉండి వీళ్లను అందుకోవాలి. అక్కడ పిట్ట కూడా లేదు.

కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. "మన హద్దు ఇక్కడితో సరి. వెనక్కి పదండి" అన్నాడు. నిలబడే కాగితం తీసి, క్షేమంగా అప్పగించామని రాసేశాడు కూడా. ఎవరికి అప్పగించినట్టు, నదికా? సిగ్గూ శరమూ లేని రాత.

కురుమయ్య వంతెన మొదట్లో తుపాకీ ఒళ్లో పెట్టుకుని చతికిలబడ్డాడు. అవతలివాడు వచ్చాకే వస్తానని తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పాడు. కెప్టెన్ నోటికొచ్చినట్టు తిట్టి, మిగతా జవాన్లను జీపుల్లో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మూక మలుపు దాకా వచ్చింది. తుపాకీని చూసి అక్కడే తచ్చాడింది. సాయంత్రానికి లారీలొచ్చాయి, వాటిని చూసి మూక చెదిరిపోయింది. చివరి పిల్ల ఎక్కేదాకా చూసి, కురుమయ్య లేచి ఒంటరిగా నడక మొదలుపెట్టాడు.

హుకుం మీరినందుకు అతని పట్టీలు ఊడబీకారు. నలభైమందిని కాపాడినందుకు కెప్టెన్‌కు పతకం వేశారు. ఆ మహానుభావుడు దాన్ని ఛాతీ విరుచుకుని మరీ తగిలించుకున్నాడు.

సెలవు మీద ఊరికొస్తే చావడిలో పటేలు ఇకిలించాడు. "పట్టీలు పోగొట్టుకొని వచ్చినవటగదర."

కురుమయ్య ఇంటికి పోయి జరిగిందంతా తండ్రికి చెప్పాడు. గాలయ్య మొత్తం విన్నాడు.

"అవతలోడు వచ్చినంకనే లేచినవా?"

"వచ్చినంకనే, బాపు."

"గా కెప్టెన్ ఎన్నడన్న నెత్తిమీద మూట మోసిండా?"

"మోయలే."

గాలయ్య తుపుక్కున ఉమ్మేసి, "కాళ్లు కడుక్కో, బువ్వ తిందాం" అన్నాడు.