మిరపకల్లంలో రాజుగారు

పక్కింట్లో ఎండుమిరపకాయలు దంచితే మా ఇంట్లో అందరూ తుమ్ముతారు. నాకు మాత్రం రాజుగారు గుర్తొస్తారు.

అద్దంకి దగ్గర మా ఊళ్ళో అప్పుడు నేను మూడో తరగతి. పూర్వం మంచి రాజులు మారువేషాల్లో తిరిగేవారనీ, జనం కష్టాలు వింటే వాళ్ళకు కన్నీళ్ళు ఆగేవి కావనీ ఆ రోజే మాస్టారు చెప్పారు. సాయంత్రం కల్లంలో అమ్మమ్మ పక్కన కూర్చుని మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నాను. తెల్లచొక్కా ఆయన ఒకరు సైకిలు దిగి, "ఊళ్ళో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు.

అమ్మమ్మకంటే ముందు నేనే అందుకున్నాను. "మా బడి కప్పు కారుతోందండీ. వానొస్తే సెలవే!"

ఆయన కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు.

"అమ్మమ్మా, రాజుగారే!" అని గంతేశాను.

ఆయన రుమాలుతో కళ్ళొత్తుకుంటూ, "రాజునేం కాదు, పంచాయతీ సమితి ఆఫీసరునమ్మా. ఏం ఘాటు తల్లీ ఇది!" అన్నారు. అమ్మమ్మ నవ్వాపుకుంటూ మంచినీళ్ళిచ్చింది.

నెల తిరక్కుండా బడికి పెంకులొచ్చాయి. దగ్గరుండి వేయిస్తూ, "రాజుగారనిపించుకున్నాక తప్పుతుందా?" అన్నారాయన నాతో.

ఇప్పుడు మా వీధికి కష్టసుఖాలడగడానికి ఏ నాయకుడొచ్చినా, ముందు కాసేపు మిరపకల్లంలో కూర్చోబెట్టాలనిపిస్తుంది.