నుదుటి వేడి

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇస్త్రీ పిన్ని బొగ్గుల పెట్టె దించి, మాస్కు బిగించుకుని, నేరుగా వృద్ధాశ్రమం గేటు దగ్గరికి వస్తుంది. మహమ్మారి మొదలయ్యాక లోపలున్న అక్కని చూడటానికి రోజుకి పావుగంటే ఇస్తున్నారు. వాచ్‌మన్ ఆమె నుదుటికి థర్మామీటరు గురిపెడతాడు. అది కుయ్యిమంటుంది.

"జ్వరం ఉంది, వెళ్లిపో పిన్నీ."

"జ్వరం నాకు కాదు నాయనా, నా పెట్టెకి! పొద్దున్నుంచి దాని మీదే వంగి ఉన్నా."

నుదుటికి తడిగుడ్డ అద్దుకోమని ఎవరైనా అంటే కస్సుమంటుంది. "దొంగచాటుగా దూరడానికి నేనేమైనా దొంగనా?" గోడ నీడలో చతికిలబడి, వేడి చల్లారేదాకా కదలదు. తర్వాత చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అక్క మంచానికి దూరంగా గీసిన గీతకి ఇవతలే స్టూలు వేసుకుని, పావుగంటలో ఒక్క క్షణం కూడా వదలదు.

నిన్న వానకి బొగ్గులు తడిసి పెట్టె వెలగలేదు. థర్మామీటరూ కూయలేదు. "వెళ్లు తల్లీ, నీకో దండం" అంటూ వాచ్‌మన్ గేటు బార్లా తీశాడు. లోపలికి అడుగు వేయబోతూ పిన్ని దగ్గింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"గొంతు గరగరగా ఉంది. ఇవాళ రాను."

"మిషను బాగుందంటోందిగా!"

"దానికేం తెలుసు? ఇన్నాళ్లూ లేని జ్వరం ఉందంది. నువ్వు ఆపితే ఆగేదాన్ని కాదు. ఇవాళ నేనే ఆగుతున్నా."

రోడ్డు దాటి, అక్క కిటికీకి ఎదురుగా గొడుగు పట్టుకుని నిలబడి ఫోన్ చేసింది. "వచ్చానక్కా, కిటికీలోంచి చూడు." పావుగంటా అక్కడే నిలబడి మాట్లాడింది. పోతూ పోతూ గేటు వైపు వేలు చూపించి అరిచింది:

"తగ్గగానే వస్తా. నా స్టూలు కదిపావో, చూడు!"