కారణం చెప్పలేదు, వదిలి పోలేదు

మొన్న సోమవారం ఉదయం పుంగనూరు నుంచి మా అత్త కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది బావా. టీ అడిగింది. నేను పెట్టి తెచ్చేలోపలే..." అని ఆగిపోయింది. అత్త మా నాన్న చెల్లెలు. డెబ్బై నాలుగేళ్లు. ముందురోజే చర్చిలో నిలబడి, పాటలు మరీ నిద్రొచ్చేలా పాడుతున్నారని అందరినీ మందలించి వచ్చిందట.

ఆమెను ఎరగని మీకు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అత్త మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి నర్సు. ఉద్యోగమంతా కాన్పుల వార్డులోనే గడిచింది. మామ పుంగనూరులో పాస్టరు. ఆమెకు నలభై ఒకటో ఏట, ఒక ఆదివారం ప్రసంగం ముగించి వచ్చి కుర్చీలో కూర్చున్న మామ మళ్లీ లేవలేదు. కొత్త పాస్టరు వస్తారు కాబట్టి చర్చి ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయాలి. ఎనిమిదేళ్ల కూతురితో ఆ ఊళ్లోనే రెండు గదుల బాడుగ ఇంటికి మారింది. డ్యూటీ వేళలకు బస్సు అందేది కాదు. నాలుగు నెలలు అలా అవస్థపడి, స్కూటర్ నేర్చుకుంటానంది. నేర్పే పని కాలేజీలో చదువుతున్న నా మీద పడింది.

చర్చి వెనక మైదానంలో మొదటిరోజే బండిని నేరుగా గడ్డివామిలోకి తోలింది. పరుగెత్తుకెళ్లి లేపాను.

"అత్తా, కండ్లు మూసుకోనుంటివా?"

"ప్రార్థన చేసుకుంటాంటి."

"బండి తోలేటప్పుడా?"

కొంగుకు అంటుకున్న గడ్డి దులుపుకుంది. "నిజమే లేప్పా. ఇంక ముందే చేసుకుంటా. తోడు ఆయన వస్తాడు గానీ, బ్రేకు నేనే గదా వెయ్యాల." అని నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా మదనపల్లె దారిలో ఆమె బండి తిరిగింది. బయలుదేరే ముందు గట్టిగా ప్రార్థన చేసేది. టైరు అరిగిన సంగతి, కూతురు లెక్కల్లో తప్పిన సంగతి, వార్డులో ఒకామెకు బీపీ తగ్గని సంగతి దేవునితోపాటు వీధి మొత్తానికీ తెలిసిపోయేవి. కొన్నిరోజులు అన్నీ ఫిర్యాదులే. "ఈ పొద్దు ఆయనతో కొట్లాడినా" అనేది, టిఫిన్ తిన్నానన్నంత మామూలుగా.

నేను కుప్పంలో టీచరుగా ఉన్నప్పుడు, పెళ్లయిన ఎనిమిదేళ్లకు మాకు బాబు పుట్టాడు. ఏడో నెలలోనే. నిలుస్తాడో లేదో డాక్టర్లు చెప్పలేకపోయారు. దేవుడు పరీక్షిస్తున్నాడని వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. పలమనేరులో బస్సు మారి మధ్యాహ్నానికి అత్త వచ్చి, ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుంది.

"మాకే యాల అత్తా ఇట్ల?"

"తెలీదప్పా."

ఆ జవాబు నేను ఊహించలేదు.

"మీ మామ పోయినప్పుడు నేనూ దేవున్ని అడిగినా. ఇన్నేండ్లాయ, ఇంతవరకు చెప్పలేదు ఆయన."

"మరి ఎట్ల నమ్ముతాండావు?"

"కారణం చెప్పలేదు గానీ, వదిలి పోలేదు. ఒక్క పొద్దన్నా ఒంటరిగా లేసినట్టు లేదు నాకు." సంచిలోంచి ఇడ్లీ పొట్లం తీసింది. "ముందు తిను. కడుపు మాడ్చుకోని ప్రార్థన చేస్తే ఇడ్లీ మీదికే పోతాది మనసు."

బాబు పుట్టాక మొదటిసారి నవ్వాను. తిన్నాను. ఆ సాయంత్రం నేనూ ఆయనతో కొట్లాడాను. అదే నా మొదటి నిజమైన ప్రార్థన.

డాక్టరును అడిగి, బిడ్డను గుండెకు హత్తుకుని వెచ్చగా ఉంచడం నా భార్యకు అత్తే నేర్పింది. పద్దెనిమిది రోజులు అక్కడే ఉండిపోయింది. బాబు ఇంటికొచ్చిన రోజు వాడి ఏడుపు విని, "సూడు, గొంతు ఎట్లుండాదో. పాటకు పనికొస్తాడు" అంది. ఇప్పుడు వాడు పదో తరగతి. నా చొక్కాలు వాడికి చాలడం లేదు.

మంగళవారం ఆమెను సమాధి చేశాం. మన్ను వేయడం అయిపోయేసరికి, పెద్దమండ్యం నుంచి ఒక రైతమ్మ ఇద్దరు కొడుకులతో ఆటో దిగింది. ఆ ఇద్దరూ పుట్టింది అత్త చేతుల మీదే. "ఒట్టి చేతుల్తో యాడ వస్తామమ్మా? మా తోటలో ఉండేది ఇవే" అంటూ రెండు పెట్టెల టమోటాలు దింపించింది. అత్త కూతురు కన్నీళ్లు తుడుచుకుని, "అందరికీ పంచమ్మా" అంది.

తెల్లచీరల ఆడవాళ్లు కొంగులు పట్టారు. పాస్టరుగారు జేబుల్లో నాలుగు వేసుకున్నారు. ఎండలో ఎర్రగా మెరుస్తున్న టమోటాలు మోసుకుంటూ, ఆమె గురించి గట్టిగా మాట్లాడుకుంటూ, మేమంతా సమాధుల తోట గేటు దాటి రోడ్డు మీదికి నడిచాం.