కొబ్బరినీళ్ళు తాగిన కంప్యూటర్

కొట్లో ఏది చెడిపోయినా మా బావగారికి ముందు తిట్టడానికో మనిషి కావాలి. ఆ ఏడు దసరా మర్నాడు ఆ మనిషి నేనయ్యాను.

బొబ్బిలిలో మాది ఎరువుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పెళ్ళికి ముందు కంప్యూటర్ నేర్చుకున్నానని బిల్లుల కుర్చీ నాకిచ్చారు. ఆ ఇంట్లో వంటగది కాకుండా నాదంటూ ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. ఆ ఉదయం బటన్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. లోపల్నుంచి పీక్ పీక్‌మని మూలుగు. ప్లగ్గు మార్చాను, వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టాను. ఈలోగా బావగారొచ్చారు.

మా ఇళ్ళల్లో బావగారు తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడరు. నేను పక్కనే ఉండగా, యూరియాకొచ్చిన రైతులంతా వింటుండగా, మా ఆయనతో అన్నారు.

"ఆడోళ్ల సేతికి మిషన్లిస్తే ఇలాగే అవుతాది. ఇకమీదట వంటకాడే ఉండమను."

మా ఆయన నేలచూపులు చూశారు. ఒకరిద్దరు రైతులు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే కోపం ఎక్కడ చల్లారిపోతుందోనని భయం.

విజయనగరం నుంచి రావాల్సిన మెకానిక్ సెలవులయ్యాకే వస్తానన్నాడట. వరికి ఎరువు వేసే రోజులు, రైతులు ఆగరు. బావగారు చేత్తో బిల్లులు రాస్తూ, తప్పులు కొట్టేస్తూ, రైతులచేత మాటలు పడుతూ ఉంటే నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అన్నీ విన్నాను. ఆ రోజు కూర నాకెంతో రుచిగా అనిపించింది.

చివరికి మా ఆయన రాయబారం వచ్చారు. పిలవాల్సినవాళ్ళు పిలిస్తే వస్తానన్నాను. కాసేపటికి బావగారే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, గోడకేసి చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"రైతుల ముందు పంపేసారు. రైతుల ముందే పిలవండి," అన్నాను.

ఆయన వెనక్కి వెళ్ళారు. చాలాసేపటికి కొట్లోంచి వినిపించింది. "అమ్మా, ఓపాలి వచ్చి సూడు."

చేతులు కడుక్కుని తాపీగా వెళ్ళాను. అందరూ చూస్తుండగా కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పాను. లోపల చీమల బారు. బంతిరేకులు, కుంకుమ, జిగురు. గాలి కోసం పైనున్న కన్నాల్లోంచి కారిన చార. ఆయుధపూజ నాడు నేను ఇంట్లో గారెలు వేస్తున్నాను, కొట్లో పూజ చేసింది బావగారు. లారీకి చేసినట్టే దీనికీ కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు నెత్తిన పోసేశారన్నమాట.

"ఇందులో కొబ్బరినీళ్ళు ఎవరు పోసారు?" అని మా ఆయన్ని అడిగాను, కొట్టంతా వినేలా. ముందున్న రైతొకాయన బావగారివైపు తిరిగి, "నువ్వేనేటి మావా?" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు.

ర్యామ్ ముక్కలు రెండూ తీసి, అంచులు రబ్బరుతో తుడిచి పెట్టాను. ఒకటి బతికింది, తెర వెలిగింది. నా కుర్చీలో నేను కూర్చున్నాను. చచ్చిపోయిన రెండో ముక్కని పారేయలేదు. కుంకుమ మరకతో సహా గాజుగ్లాసులో వేసి బల్ల మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన రైతెవరైనా "ఇదేటి తల్లీ?" అని అడుగుతాడు.

"మా బావగారినడగండి," అంటాను.

బావగారికి అప్పుడే గోడౌన్‌లో ఏదో పని గుర్తొస్తుంది. ఆయన తిరిగొచ్చేదాకా ఆ రైతుని నేను కదలనివ్వను.