స్విచ్చుకి కట్టిన ఎర్ర చీటీ

ఆ రోజుల్లో ఉక్కునగరంలోని మా క్వార్టర్లో ప్రతి వస్తువుకీ ఓ గొంతు ఉండేది. ఫ్రిజ్ మూలిగేది, ఫ్యాను కిరకిరలాడేది, మిక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా నాన్న ప్లాంటులో మెయింటెనెన్స్ మనిషి. ఆయనకి నైట్ షిఫ్ట్ వారం వస్తే పగలంతా మేం పిల్లుల్లా నడిచేవాళ్లం గానీ, ఈ వస్తువుల గోలకి మాత్రం ఆయన నిద్ర చెడేది కాదు. (చెంచా కింద పడితే లేచి కూర్చునేవారు, అది వేరే సంగతి.) ఆ గోలలో నా లాప్‌టాప్ గొంతూ ఒకటి. అన్నయ్య వాడి వదిలేసిన ఆ ముసలి యంత్రం గురగురమంటూ తెరుచుకునేలోపు నేను జడ వేసుకుని, ఉప్మా తిని, అమ్మతో ఓ చిన్న గొడవ కూడా ముగించేదాన్ని. బ్యాటరీ ఎప్పుడో పోయింది, కరెంటు తీస్తే ఆ క్షణమే దాని ప్రాణం పోయేది.

అలాంటి దాంతో నేను నా మొదటి ఉద్యోగం చేస్తున్నాను. రుషికొండలో ఓ చిన్న కంపెనీ, ఇంటి నుంచే పని. పోర్టులో రాత్రి దిగిన సరుకు వివరాలన్నీ పొద్దున్నే ఒకచోట చేర్చి రిపోర్టు పంపాలి. వివరాలు ఎక్కించి, బటన్ నొక్కి, నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి అది తయారై ఉండాలి. ఉండేది కాదు. రోజూ ఆలస్యమే. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను, ఉద్యోగం ఖాయం చేస్తారో ఇంటికి పంపేస్తారో (ఉన్నదే ఇంట్లో కదా, ఇంకెక్కడికి పంపుతారో) తెలియని రోజులు.

పెందుర్తిలో కంప్యూటర్ రిపేర్ల దుకాణం పెట్టుకున్న మా మేనమామ కొడుకు ఉన్నాడు, నాకు బావ వరస. తప్పంతా పాత హార్డ్ డిస్క్‌దేనని తేల్చి, అరచేతిలో పట్టే ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చి, సిస్టమ్ మొత్తం అందులోకి మార్చాడు. ఫ్యానులో పేరుకున్న నల్లటి దుమ్ము కూడా దులిపాడు. ఇక చూడాలి దాని వైభవం. బటన్ నొక్కితే కళ్లు మూసి తెరిచేలోపు తెరుచుకునేది. వేడి లేదు, చప్పుడు లేదు. నేను వీధిలో అందరికీ చెప్పుకున్నాను.

ఓ వారం పోయాక, స్నానం చేసి వచ్చేసరికి లాప్‌టాప్ చచ్చి ఉంది. స్విచ్చు వేసే ఉంది, తీగ బిగుతుగానే ఉంది, తెర మాత్రం నల్లగా. బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచింది. రిపోర్టు మళ్లీ మొదటి నుంచి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బావకి ఫోన్ చేస్తే ఇది సాఫ్ట్‌వేర్ గొడవన్నాడు. అతను చెప్పినవన్నీ చేశాక, కాదు, హార్డ్‌వేరే అన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో పెందుర్తి వెళ్తే, డాక్టరు ముందు జ్వరం తగ్గిన పిల్లాడిలా సాయంత్రం దాకా హాయిగా నడిచింది.

"దీనికేటైంది మరదలా, గుర్రంలాగుంది. నువ్వే ఏదో సేత్తన్నావ్," అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. ఆపైన రెండు వారాలు నిజంగానే గుర్రంలా పరిగెత్తింది. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, మళ్లీ మొదలు. బావ ఎస్ఎస్‌డీ మార్చాడు, సిస్టమ్ మళ్లీ ఎక్కించాడు, ఛార్జరు కూడా కొత్తది ఇచ్చాడు. అయినా అదే తంతు. మా సారు ఫోన్ చేసి, ఇంకొక్కసారి రిపోర్టు ఆలస్యమైతే నా గురించి వేరేగా ఆలోచించాల్సి వస్తుందని చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు స్నానం మధ్యలో కుళాయి ఆగిపోయింది. సగం తడి జుట్టుతో బయటికొచ్చి చూస్తే, నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన నాన్న, భుజాన సంచీ కూడా దించకుండా, తెర దానంతటదే ఆరిపోయిన నా లాప్‌టాప్ మీదికి వంగి చెవి పెట్టి వింటున్నారు. మీద చెయ్యి వేసి చూశారు. తల ఊపి, గోడ మీది స్విచ్చు కట్టేసి, పడుకోవడానికి లోపలికి వెళ్లారు. నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అమ్మ వచ్చింది, స్విచ్చు చూసి నాలుక కరుచుకుని, టక్కున వేసి, మళ్లీ పోపు దగ్గరికి పోయింది. ఇద్దరూ చెరో డ్యూటీ చేస్తున్నారు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. నేనేమో నైట్ షిఫ్ట్ వారం వచ్చినప్పుడల్లా పెందుర్తి బస్సెక్కుతున్నాను.

ఆ రోజు నేను ఇల్లు పీకి పందిరేశాను. నా ఉద్యోగం పోతోందని, అది మీ చేతుల మీదుగానే పోతోందని గట్టిగా అరిచాను. అమ్మ మాత్రం, నువ్వొచ్చేసరికి ఛార్జింగ్ ఎక్కుతుందని వేశానే, అని నా మీదే విసుక్కుంది. నాన్న మంచం మీద కూర్చుని అంతా విన్నారు.

"సప్పుడు లేదు, ఏడి లేదు. ఆగిపోయిన మిసన్‌కి కరెంటెందుకని కట్టేసినాను పాపా. ముందైతే ఆ గురగుర ఇనబడేది. నువ్వు పని సేత్తన్నావని తెలిసి పడుకునేవోణ్ణి," అన్నారు.

ఆయన లేచి పాత అట్టపెట్టె మూత కత్తిరించి, ఎర్ర రంగు పూసి, దారం గుచ్చి నా చేతికిచ్చారు. 'పని జరుగుచున్నది, ముట్టరాదు' అని నా చేతే రాయించి, కింద నా పేరు రాయించారు.

"ప్లాంటులో ఈ సీటీ ఉంటే ఎంత పెద్ద ఆఫీసరైనా స్విచ్చు ముట్టడు. లోపల మన మనిసి ఉన్నాడని దానర్దం. కట్టినోళ్లే ఇప్పాల," అన్నారు.

అది కట్టాక లాప్‌టాప్ మళ్లీ ఆగలేదు, ఉద్యోగమూ ఖాయమైంది. (బావ మాత్రం ఈనాటికీ అది తన ఛార్జరు మహిమే అంటాడు.) ఇప్పుడు రుషికొండలో, ఆఫీసుకి దగ్గర్లోనే గది తీసుకుని ఉంటున్నాను. మొన్న ఆదివారం ఇంటికి వెళ్తే అమ్మ పాత ఫిర్యాదే విప్పింది. హాల్లో ఉన్న ఆ ఒక్క స్విచ్చుకి ఇస్త్రీపెట్టె తగిలించుకోనివ్వరట నాన్న, ఆ చీటీ విప్పి పోవే అంది. చూద్దును కదా, రంగు వెలిసి గులాబీ అయింది గానీ, ఇంట్లో అందరి మీదా అరిచిన ఆ పిల్ల కోపంగా నొక్కి రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. ముడి మీద చెయ్యి వేశాను. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు గానీ, పేజీ తిప్పడం మానేశారు.

ముడి విప్పలేదు. సాయంత్రం బజారుకెళ్లి అమ్మకి ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనిచ్చాను.