ఎంగిలి విమానం

మద్రాసులో విమానం చూసొచ్చినప్పటినుంచి వెంకటనరసయ్య శెట్టికి అదే పిచ్చి. అంగట్లో కూర్చుని పొట్లాల కాగితంతో విమానాలు చేస్తాడు. వక్కాకు నమిలిన నాలుకతో బొటనవేలు తడుపుకుని, ప్రతి మడతనూ ఎర్రటి ఎంగిలితోనే దిద్దుతాడు. అది చూసి నూర్జాన్ మొహం పక్కకు తిప్పుకుంటుంది. కానీ చెరువెండి చెరకు పండని ఈ ఏడు శింగనమలలో బెల్లం దొరికేది అక్కడే.

ఆ రోజు బెల్లానికి పోతే విమానం ఆమె కాళ్ళ దగ్గర దుమ్ములో పడింది.

"ఎట్ల ఎగిరినాది నూర్జానూ?"

"బాగా ఎగిరినాది శెట్టీ," అంటూ మునివేళ్ళతో తీసిచ్చింది.

ఆయన దాన్నే విప్పి బెల్లం పొట్లం కట్టాడు.

"వేరే కాయితం లేదా శెట్టీ?"

"దీనికేమైందమ్మా? బంగారట్లుండాది!"

ఇంటికి పోగానే ఆమె బెల్లం డబ్బాలో వేసి, కాగితాన్ని పొయ్యిలోకి విసరబోయింది. ఆలోపే కూతురు లాక్కుని, అంటిన బెల్లం కోసం ఆ ఎర్రటి మడతలన్నీ నాకేసింది.