పూల్ అడుగున మన్ను లేదు

మొన్న ఆయితారం మా పాలమూరు స్విమ్మింగ్ పూల్‌ల నా ఇజ్జత్ ఎట్ల మునిగిందో చెప్త, ఇనుండ్రి. చాయ్ మాత్రం ముందే తాగేయుండ్రి. నోట్ల చాయ్ పెట్టుకొని ఇంటే మీద పడ్తది, తర్వాత నన్ననొద్దు!

మీకెరికే గదా, దవాఖానల డ్యూటీ అయిపోంగనే నేను ఈతకు పోత. నాలుగేండ్ల సంది పోటీలకు గూడ పోతున్న. నాది లాంగ్ డిస్టెన్స్. పదిహేను వందల మీటర్లంటే నాకు మస్తు ఖుషి. ఉరుకుడు లేదు, ఫికర్ లేదు. రేపు ఏం కూర వండాల్నో ఆలోచించుకుంట పోతుంటే అదే అయిపోతది.

మా కోచ్ స్వప్నకు ఇరవై ఆరేండ్లు. నాకంటె పదహారేండ్లు చిన్నది. గాని నోట్ల విజిల్ పెట్టిందంటే మా అత్త లెక్కనే! రెండు నెలల కింద పిలిచి, "అక్కా, మన లేడీస్ రిలే టీంల ఒకామెకు ట్రాన్స్‌ఫర్ అయింది. నాలుగో మనిషి లేకుంటే టీమే లేదు. నువ్వు స్ప్రింట్ నేర్చుకో" అన్నది. యాభై మీటర్లు నలభై ఐదు సెకండ్లల్ల కొడితేనే రాష్ట్రం మీట్‌కు ఎంట్రీ పంపుతనన్నది. లేకుంటే లేదు. మిగిలిన ముగ్గురు ఏడాది సంది పొద్దుగాల ఐదింటికి లేచి పడ్డ కష్టమంత నా నెత్తి మీద పడ్డది.

ఇగ ఆ ట్రైనింగ్ సంగతి అడగకుండ్రి. ఇరవై ఐదు మీటర్లు పానం పెట్టి కొట్టాలె, నిమిషం ఆగాలె, మళ్ల కొట్టాలె. గిట్ల పన్నెండు సార్లు! నేను మొదటి దానికే పానమంత పెట్టేసిన. మిగిలిన పదకొండింటికి ఏం పెట్టాలె? "శ్వాస తియ్యకక్కా, స్పీడ్ తగ్గుతది" అంటది స్వప్న. తియ్యకుంటే నేనే ఉండ గద తల్లీ! మొదటి వారం చేతులు పైకి లేస్తే ఒట్టు. సెలైన్ బాటిల్ తగిలియ్యనీకి గూడ ఆయమ్మను పిలిచిన.

గాని టైం తగ్గుకుంట వచ్చింది. యాభై ఎనిమిది, యాభై రెండు, నలభై ఏడు. నలభై రెండేండ్ల వయసుల ఒక పని కొత్తగ వస్తాందంటే ఆ సంబురమే వేరు. నిజం చెప్తున్న, డ్యూటీల గూడ నాలో నేనే నవ్వుకున్న.

ఇన్ని రోజులు నీళ్లల్ల ఉండి, గోడను తన్ని స్టార్ట్ చేసిన. టైం చూసే ట్రయల్ నాడు మాత్రం ఒడ్డు మీద బ్లాక్ అనే దిమ్మె ఎక్కి దుంకాలె. "డైవ్ జర ప్రాక్టీస్ చేద్దమా అక్కా?" అని అడిగింది స్వప్న. "బాయిల ఈత నేర్చినదాన్ని, నాకు దుంకుడు నేర్పుతవా?" అన్న. ఎంత పొగరు చూడుండ్రి!

ఆయితారం వచ్చింది. ఎంట్రీకి ఆ సాయంత్రమే ఆఖరు. ఎక్కిన. విజిల్ కొట్టింది. దుంకిన.

మా ఊరి బాయిల ఒక రివాజుండె. దుంకినోళ్లు అడుగు ముట్టాలె, పిడికిట్ల మన్ను తెచ్చి చెయ్యెత్తి చూపెట్టాలె. మన్ను చూపకుంటే దుంకినట్టే లెక్క కాదు, మా అన్నలు నమ్మకపోతుండె. ముప్పై ఏండ్ల కింది ముచ్చట. నేను మరిచిన గాని నా ఒళ్లు మరువలే!

సీదా కిందికే పోయిన. అడుగున టైల్స్ గీకుతున్న. ఎంత గీకినా మన్ను రాదు! ఇదేం బాయిరా అని పరేషాన్. ఆఖరుకు ఏదో గట్టిగ చేతికి తగిలింది. పట్టుకొని పైకొచ్చి, చెయ్యెత్తి అందరికి చూపెట్టిన.

గులాబి రంగు జుట్టు క్లిప్పు!

"అరె, గది నాదే! నెల సంది దేవులాడుతున్న!" అని ఒడ్డు మీదికెల్లి ఒర్రింది షాహీన్. మా రిలే టీంల మనిషే.

"అక్కా, ఉరుకూ! వాచ్ నడుస్తాంది!" అని స్వప్న మొత్తుకుంటాంది.

అప్పుడు తెలివికొచ్చిన. క్లిప్పు పడేస్తే షాహీన్ ఊకుంటదా? పండ్ల నడుమ పట్టుకొని కొట్టుడు షురూ చేసిన. నోరు తెరిస్తే క్లిప్పు పోతది, ఇగ శ్వాస యాడ తీసుడు? సిగ్గు ఒక దిక్కు, కోపం ఒక దిక్కు. అట్ల నేను జన్మల కొట్టలే.

గోడ ముట్టిన. యాభై ఒక్క సెకండ్లు.

ఏడుపొచ్చింది. క్లిప్పు షాహీన్ చేతుల పెట్టిన గాని ఆమె మొఖం చూడబుద్ధి కాలే. ముగ్గురి ఏడాది కష్టం నా చేతులనే పోయింది గదా!

స్వప్న ఫోన్ల తీసిన వీడియో రెండు సార్లు చూసింది. "అక్కా, పది సెకండ్లు నువ్వు అడుగునే ఉన్నవ్. పైకొచ్చినంక నలభై ఒకటే పట్టింది!"

"అంటే పాసేనా?" అన్నది షాహీన్.

"మీట్‌ల గిట్లనే మళ్ల కిందికి పోతే?" అని స్వప్న తన నోట్‌బుక్ తెరిచింది. "ఒక పని చేద్దాం. నలుగురు నాలుగు తీర్ల ఈత కొట్టే మెడ్లీ రిలేకు ఎంట్రీ ఇద్దాం. అండ్ల మొదటి మనిషి నీళ్లల్లనే ఉండి గోడ పట్టుకొని స్టార్ట్ అయితది. వెల్లకిల కొట్టాలె. వస్తదా?"

"బాయిల వెల్లకిల పండుకొని నిద్ర గూడ పోయిన" అన్న.

"నిద్ర పోకు, గంతే చాలు."

ఎంట్రీ పంపినం! మీట్ ఇంక నెల ఉంది. స్వప్న నోట్‌బుక్‌ల మా నలుగురి పేర్లు, అందరి కంటె ముందు నాది. సంబురం ఆగక ఫొటో తీసి మా ఆయనకు పంపిన. వెంటనే ఫోన్ చేసిండు.

"మంచిగుంది గాని, నీ పేరు పక్కన ఎర్ర పెన్నుతోని ఏందో రాసుంది, చూసినవా?"

ఫొటో పెద్దగ చేసి చూసిన.

"ఈమెను బ్లాక్ ఎక్కనియ్యొద్దు."